ఏనుగు వాహనం దిగిన వాకిలి

కోదండరాంకి దేవుడి మీద నమ్మకం లేదు. దానధర్మాల మాట ఎత్తితే ఒళ్ళు మంట. అయినా ఏటా పంగుని అనే అరవ నెల ఉత్సవాల్లో ఆరోనాటి సాయంత్రం, జార్జి టౌన్ పెరుమాళ్ళ కోవెల్లో నుదుట నామం దిద్దుకుని, తలకి పట్టుగుడ్డ చుట్టించుకుని, స్వామికెదురుగా చేతులు జోడించి నిలబడేది అతనే. మర్నాడు ఎర్రజెండా యూనియన్ ఆఫీసులో అడుగుపెట్టగానే "ఏం తోళర్, పెరుమాళ్ళు కుశలమేనా?" అని మొదలుపెట్టేవాళ్ళు. తోళర్ అంటే అరవంలో కామ్రేడ్. అతను పళ్ళు పటపట కొరుక్కునేవాడు, ఇక చచ్చినా వెళ్ళనని ఒట్టు పెట్టుకునేవాడు. పై ఏడాది మళ్ళీ వెళ్ళి బుద్ధిగా తల వంచేవాడు. పార్టీ మాటైనా కాదనగలడేమో గాని, వదిన మాట కాదనడం అతని వల్ల అయ్యే పని కాదు.

ఆ వదిన పేరు వాసవాంబ. అత్తగారు పోయాక అన్నం కలిపి పెట్టి అతన్ని పెంచింది ఆవిడే. భర్త ఏకాంబరం ధనియాల టోకు వ్యాపారి. మనిషి మంచివాడు, గుండె మంచిది కాదు. అరవై ఆరులో కొట్లోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కొట్టు అద్దెకిచ్చి, ఆ వెనక ఇంట్లో ఆవిడా మరిదీ ఉండిపోయారు. కోదండరాం పగలు ఒక కాగితాల కొట్లో గుమస్తా, సాయంత్రాలు యూనియన్ మనిషి.

ఆ కోవెల్లో ఉత్సవం జరిగినన్నాళ్ళూ ఒక్కోనాటి ఖర్చూ మర్యాదా ఒక్కో వ్యాపారి ఇంటివి. దాన్ని ఉభయం అంటారు. ఆరోనాటి ఉభయం ఏకాంబరం తాతగారి కాలం నుంచీ వీళ్ళది. ఆ సాయంత్రం స్వామి ఏనుగు వాహనం మీద వీధుల్లో ఊరేగుతాడు, తిరిగొచ్చాక కోవెల పక్క సత్రంలో వచ్చినవాళ్ళందరికీ భోజనం. ఏకాంబరం పోగానే కోవెల కమిటీ పెద్దలు వచ్చి, మర్యాద అందుకోవడానికి మగదిక్కు లేని ఇంట్లో ఉభయం ఉండకూడదు, వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని చల్లగా చెప్పారు.

"మగోడేగా కావాల? ఉండాడు కదా మా కోదండం" అంది వాసవాంబ.

లోపల్నుంచి కోదండరాం పరుగున వచ్చాడు. "వదినె! నాకు దేవుడంటే నమ్మకమే లేదే!"

"నిన్ను నమ్మమని ఎవరు చెప్పినారు? నిలబడమన్నా, అంతే."

అలా పట్టుగుడ్డ అతని నెత్తికి చుట్టుకుంది. ఆ ఉభయం వదినకి ఏమిటో అతనికి తెలుసు గనకనే నోరెత్తలేదు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆవిడ శుభకార్యాలకి వెళ్ళేవాళ్ళకి ఎదురుపడకుండా గోడవారగా నడిచే విధవరాలు. ఆ ఒక్కనాడు మాత్రం ఉభయకారు, ఆ నాటికి యజమానురాలు. సత్రం మధ్యలో నిలబడి, ఇక్కడ పులుసు, అక్కడ అప్పడం అని ఆవిడ కేక వేస్తే వంటవాళ్ళు పరిగెత్తేవారు. భర్త బతికున్నప్పటి గొంతు ఆ పూట తిరిగి వచ్చేది. ఆ పూట కోసం ఏడాది పొడుగునా బియ్యంలో రాళ్ళు ఏరుతూ బతికేది.

అన్నదానం మీద వదినా మరుదులకి పోట్లాట మాత్రం ఏటా తప్పేది కాదు.

"ఒక దినం పెట్టి, ఏడాదంతా వాళ్ళ కడుపులు మాడ్చేదానికి పుణ్యమని పేరా వదినె?"

"మిగతా దినాలు మీ పార్టీని చూసుకోమను. నా దినం నేను చూసుకుంటా. పో, పోయి కొబ్బరికాయలు తీసుకురా."

అతను కొబ్బరికాయలు తీసుకొచ్చేవాడు.

డెబ్బై మూడులో ఉత్సవాలకి ముందు బజారులో సమ్మె వచ్చింది. వేలు అనే కూలీ కందిపప్పు మూట కింద పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. పెద్ద మూట ఒక్కడి వీపున వెయ్యకూడదు, ఇద్దరు మొయ్యాలి, దెబ్బ తగిలితే సౌకార్లు వైద్యం చేయించాలి అని మూటలు మోసేవాళ్ళూ తోపుడుబళ్ళ వాళ్ళూ పని ఆపేశారు. వాళ్ళ నాయకుడు కన్నియప్పన్. దేవుణ్ణి కాదనే నల్లచొక్కా పార్టీ మనిషి. దేవుడు లేడన్న మాట కోదండరాం మెల్లిగా అంటే, కన్నియప్పన్ వీధి మధ్య నిలబడి అరిచేవాడు. పుట్టుక అరవమైనా, పెళ్ళాం మునెమ్మది తెలుగు కావడం చేత, తెలుగు సౌకార్ల బజారులోనే నెత్తి అరగదీసుకున్నందువల్ల తెలుగు బాగా వచ్చు. సమ్మె మొదలైన సాయంత్రం కోదండరాం గోనెసంచుల గుట్ట ఎక్కి ఉపన్యాసం దంచాడు. సౌకారు వేసే దానం మీ నోటికి కట్టే గుడ్డ, హక్కుగా వచ్చేది తినండి, దయగా వేసేది తినకండి అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్ల మోతకి అతను రెండు రోజులు నేల మీద నడవలేదు.

మూడో వారానికి చూలై పేటలో కూలీల గుడిసెల్లో పొయ్యిలు సరిగ్గా వెలగడం లేదు. ఉత్సవాలు దగ్గర పడ్డాయి. అప్పుడు కమిటీ పెద్ద యతిరాజులు సెట్టి వాసవాంబ ఇంటికి వచ్చాడు.

యతిరాజులు సెట్టిని చెడ్డవాడని ఎలా అంటాం? పప్పుల వ్యాపారంలో గడించినదాంట్లో బడికి గదులు కట్టించాడు, ఎండాకాలం మజ్జిగ పోయించాడు, కోవెల గోపురానికి సున్నం కొట్టించాడు. చేతికి ఎముక లేదనే అందరూ అనేవారు. కాకపోతే ఆ చెయ్యి ఎవరి ముందు చాస్తున్నాడో ఒక కంట చూసుకునేవాడు. పుచ్చుకున్నవాడు వినయంగా ఉండాలని, ఉండకపోతే దేవుడికే కోపం వస్తుందని ఆయన మనసా వాచా నమ్మాడు.

"చూడు తల్లీ" అన్నాడు వసారాలో కూర్చుంటూ. "ఈ ఏడు సమ్మెలో ఉండేవాళ్ళకి సత్రంలో ఆకు వెయ్యకూడదని అనుకున్నాం. మన అన్నం తిని మన మీదే జెండా ఎత్తేవాళ్ళకి మనమెందుకు పెట్టాల? ఉభయకార్లంతా సరే అన్నారు. నీ మాట ఒకటి కావాల."

"ఆకు ముందర కూర్చున్నోణ్ణి నువ్వు సమ్మెలో ఉండావా లేదా అని అడిగేదా అన్నా?"

"అడగ పన్లా. వాకిట్లో మనిషిని పెడతాం, గుర్తుపట్టి తోలేస్తాడు."

వాసవాంబ తల అడ్డంగా ఊపింది. "ఆకలని వచ్చినోడి పేరడక్కుండా వడ్డించమని మా మామగారు చెప్పి పోయినారు. ఆ మాట తీసేసి మీ మాట ఎట్లా పెట్టుకునేది? మిగతా దినాలు మీ ఇష్టం. ఆరోనాడు నా దినం."

యతిరాజులు సెట్టి గొంతు పెంచలేదు. పెంచే అలవాటు లేదు. "సత్రం తాళం కమిటీది. అన్నం వండే అండాలు కమిటీవి, వంటవాళ్ళూ కమిటీవాళ్ళే. ఉభయం కూడా కమిటీ ఇచ్చిందే గదమ్మా. ఇచ్చినోళ్ళు తీసుకోనూ వచ్చు. ఆలోచించుకో" అని లేచాడు.

తలుపు వెనక నిలబడి విన్న కోదండరాం, ఆయన వీధి మలుపు తిరిగే వరకు కూడా ఆగలేకపోయాడు. "చూసినావా వదినె! నేను ఇన్నాళ్ళు చెప్పింది ఇదే. దానం అంటే మెడకి కట్టే తాడు!"

"ఆ తాడు కట్టింది ఆయన. నేనెవరి మెడకి కట్టినా? చెప్పు" అంది వాసవాంబ.

అప్పుడు చూశాడు, చేటలోంచి ఏరిన రాళ్ళనే ఆవిడ మళ్ళీ బియ్యంలో వేస్తోంది. ఉభయం పోతే ఆవిడకి ఇక ఏం మిగులుతుంది? ఆ సంగతి ఆవిడకి తెలిసే అంత మాటా అంది. తాను గోనెసంచుల గుట్ట మీంచి అరిచినప్పుడు పోగొట్టుకునేది ఏమీ లేదని, ఇంట్లో వసారాలో మెల్లిగా మాట్లాడిన ఈవిడ ఉన్నదంతా పణం పెట్టిందని అతనికి తట్టింది.  అన్నేళ్ళుగా ఈవిడతోనా నేను వాదించింది అనుకున్నాడు.

"ఆరోనాడు మీ వాళ్ళందర్నీ రమ్మను" అంది వాసవాంబ. "పిల్లాజెల్లా అందర్నీ. తాళం వేస్తే వేసుకోనీ, మన ఇంట్లో వండుతా."

కోదండరాం ఒక్క పరుగున చూలై వెళ్ళాడు. కన్నియప్పన్ గుడిసె ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. లోపల మునెమ్మ గంజిలో మరో చెంబు నీళ్ళు పోస్తోంది. కోదండరాం ఉత్సాహంగా అంతా చెప్పాడు. కన్నియప్పన్ బీడీ బూడిద రాల్చాడు.

"మేం రాం తోళర్."

"రారా? ఎందుకు?"

"సౌకారు ఇంటమ్మ పెడితే మాత్రం అది దానం కాదా? ఇంతమంది వరసగా పోయి ఆకు ముందర కూర్చుంటే, రేపు వాళ్ళేం అంటారు? సమ్మె చేసేదీ వీళ్ళే, బిచ్చం తినేదీ వీళ్ళే అనరా? హక్కుగా వచ్చేది తినాల, దయగా వేసేది తినకూడదు. నువ్వు చెప్పిన మాటే కదా? మావాళ్ళంతా ఒట్టు వేసుకున్నారు."

 తన ఉపన్యాసం ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఉంటారని కోదండరాం ఎన్నడూ అనుకోలేదు. గుడిసె లోపల పిల్ల ఒకటి గంజి చాలలేదని రాగం తీస్తోంది. అతను తల వంచుకుని ఇంటికొచ్చాడు.

ఇంతలో ఉత్సవాలు మొదలయ్యాయి. మొదలైన నాడే కమిటీ పెద్దలకి తాము చేసిన పొరపాటు తెలిసివచ్చింది. స్వామి వాహనాలని భుజాన మోసేవాళ్ళని శ్రీపాదంవాళ్ళు అంటారు. పెద్ద కోవెళ్ళలో అందుకు వేరే మనుషులుంటారు. ఈ చిన్న కోవెల్లో మొదటి నుంచీ ఆ పని బజారు కూలీలది. పగలు మూటలు దించి, స్నానం చేసి వచ్చి, సాయంత్రం స్వామిని మోసేవారు. సమ్మెలో ఉన్నవాడికి ఆకు వెయ్యకూడదని తీర్మానించిన పెద్దల్లో ఒక్కరికి కూడా, స్వామి ఎక్కేది ఆ సమ్మెలో ఉన్నవాళ్ళ భుజాలే అన్న సంగతి గుర్తు రాలేదు.

మొదటినాడు సౌకార్ల కొడుకులే పంచెలు బిగించి ముందుకొచ్చారు. మూటలు లెక్కపెట్టిన చేతులేగాని ఎత్తిన భుజాలు కావు. కోవెల గడప దాటాక వాహనం ఒక పక్కకి ఒరిగింది. పైన కూర్చున్న అర్చకుడు స్వామిని గట్టిగా కౌగిలించుకుని "దించండి నాయనా, దించండి!" అని కేకలు పెట్టాడు. స్వామి లోపలికి వెళ్ళిపోయాడు. వేరే పేటల నుంచి మనుషుల్ని పిలిపించబోతే, సమ్మె సంగతి విని వాళ్ళూ రామన్నారు. రెండోనాడు స్వామి కదల్లేదు. మూడోనాడూ అంతే. హారతి పళ్ళేలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డ ఆడవాళ్ళు పళ్ళేలు అలాగే వెనక్కి తీసుకుపోయారు.

కోదండరాం ఇదంతా వదినకి చెప్పి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. వాసవాంబ నవ్వలేదు. స్వామి గడప దాటకుండా కూర్చోవడం ఆవిడకి నవ్వులాట కాదు. చాలాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ జరుపుతూ కూర్చుని, "కన్నియప్పన్ ఏం అన్నాడో ఇంకోసారి చెప్పు" అంది.

"హక్కుగా వచ్చేదైతే తింటారంట. దయగా పెడితే తినరంట."

"శ్రీపాదంవాళ్ళకి మొదటి పంక్తి వేస్తాం. అది దయా?"

కోదండరాం నవ్వు ఆపేశాడు.

"అది వాళ్ళది" అంది వాసవాంబ. "స్వామి దిగినాక, వాళ్ళూ వాళ్ళ ఇంటోళ్ళూ తినందే ఉభయకారు ఇంట్లో మెతుకు ముట్టకూడదు. మీ అన్నే ఎన్నిసార్లు ఆకలికి వేగలేక నీళ్ళు తాగి కూర్చోలా? వాళ్ళకి పెట్టేదాన్ని ఎవరైనా దానం అన్నారా ఎప్పుడైనా? లే, చొక్కా తొడుక్కో. చూలైకి పోదాం."

వాసవాంబ చూలై గుడిసెల మధ్యకి నడిచి రావడం చూసి మునెమ్మ గాభరాగా పీట తెచ్చి వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"కన్నియప్పా, నేను పెట్టేదానికి రాలా. అడిగేదానికి వచ్చినా. ఆరోనాడు నా స్వామిని మొయ్యాల."

కన్నియప్పన్ బీడీ పారేసి లేచాడు. "సమ్మెలో ఉండామమ్మా. సౌకార్ల సరుకు మోయం."

"ఇది ఏ సౌకారు సరుకు? ఏ కొట్లో దించుతారు దీన్ని?"

"నాకు దేవుడు లేడమ్మా. తెలుసు కదా మీకు?"

"నీకు లేకపోతే పోనీ. భుజం ఉంది కదా?"

చుట్టూ మూగినవాళ్ళు నవ్వారు. కన్నియప్పన్ ఏదో అనబోయాడు. మునెమ్మ మధ్యలో అందుకుంది. "ఇన్నేండ్లుగా మూటలు మోస్తాండావే, లోపలేముందని ఎన్నడైనా అడిగినావా? పప్పైనా మోసినావు, ఉప్పైనా మోసినావు. ఇప్పుడొచ్చి అడుగుతాండావా?"

నాయకుడికి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. బుర్ర గోక్కుని, బేరానికి దిగాడు. "సరి. మోసినోళ్ళందరికీ మొదటి పంక్తా?"

"మోసినోళ్ళకి, వాళ్ళ ఇంటిల్లిపాదికీ. అది మీది. నేను ఇచ్చేది కాదు, ఎవరూ ఆపేదీ కాదు."

"మూల మూలకీ భుజం మార్చుకుంటే?"

వాసవాంబకి వెంటనే అర్థమైంది. మొహం విప్పారింది. "ఎన్ని భుజాలు మారితే అన్ని ఆకులు" అంది.

"మా ఎర్ర తుండ్లు భుజాన ఉంటాయి. తియ్యం."

"తుండు లేకుండా మోత కర్ర ఎట్లా పెట్టుకుంటారు, తోలు ఊడిపోదూ? ఏ రంగైతే నాకేం?"

అంతటితో బేరం ముగిసింది. పక్కన నిలబడ్డ కోదండరాం, ఈవిడ యూనియన్లో ఉండి ఉంటే సౌకార్ల పని ఎప్పుడో అయిపోయేది అనుకున్నాడు.

ఆరోనాటికి సత్రానికి తాళం పడింది. వాసవాంబ పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే అండాలు తెప్పించి పెరట్లో పొయ్యిలు తవ్వించింది. మునెమ్మ వెంట చూలై ఆడవాళ్ళు వచ్చి కూరలు తరిగారు, చింతపండు పిసికారు. సాయంత్రానికి సమ్మెలో ఉన్న ప్రతివాడూ స్నానం చేసి, భుజాన ఎర్ర తుండు వేసుకుని కోవెల ముందుకొచ్చాడు. యతిరాజులు సెట్టి వాళ్ళని చూసి మొహం ముడుచుకున్నాడు. కానీ అన్ని రోజులుగా కదలని స్వామి ఈనాడైనా బయటికి వస్తాడన్న ఆశ ఆయనకీ ఉంది. భక్తి విషయంలో ఆయన దొంగ కాదు. అందుకే దారికి అడ్డు రాలేదు.

ఏనుగు వాహనం ఆ కోవెల్లో అన్నిటికన్నా బరువు. ఇత్తడి రేకు తాపిన కొయ్య ఏనుగు, పైన స్వామి, వెనక గొడుగు. కన్నియప్పన్ నల్లచొక్కా విప్పకుండానే ముందు కర్ర కిందికి భుజం పెట్టి "ఎత్తు!" అన్నాడు. ఏనుగు ఒక్క ఊపున లేచింది. వీధి వీధంతా గోవిందా అంది. ముందర పట్టుగుడ్డ చుట్టుకుని నడుస్తున్న కోదండరాంకి ఆ సాయంత్రం సిగ్గు వెయ్యలేదు. తల కాస్త ఎత్తుకునే నడిచాడు. ప్రతి మలుపులోనూ భుజాలు మారాయి. మలుపు లేనిచోట కూడా మారాయి. నడుం విరిగిన వేలుని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి, కర్రకి భుజం ఆనించి తీసుకెళ్ళారు. వాడి ఆకు వాడికి ఖాయమైంది.

వాసవాంబ వాకిటి ముందుకి రాగానే కన్నియప్పన్ "దించండి" అన్నాడు. పీటల మీద ఏనుగు దిగింది. వీధికి రెండు పక్కలా ఆకులు పరిచి ఉన్నాయి. చూలై పిల్లలు అప్పటికే వాటి ముందు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

యతిరాజులు సెట్టి గుంపుని తోసుకుంటూ వచ్చాడు. "ఏమిటమ్మా ఇది? స్వామిని నడివీధిలో నిలబెట్టి పంక్తులా?"

"సత్రానికి తాళం వేస్తే ఏం చెయ్యమంటారు సామీ?" అన్నాడు కన్నియప్పన్. "మా పంక్తి కానిదే భుజం ఎత్తం. మీ పిల్లకాయల్ని పిలిచి ఎత్తిస్తే ఎత్తించండి."

ఆ పిల్లకాయలు నాలుగడుగులు వెనక్కి వేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. జన్మలో గొంతు పెంచని యతిరాజులు సెట్టి అప్పుడు పెంచాడు. "వాసవాంబా! అందరూ వింటాండారు, చెప్తాండా. ఈ ఉభయం నీకు ఇదే కడ. వచ్చే ఏడు ఆరోనాడు నీది కాదు!"

 కోదండరాం వదిన మొహం వైపు చూడలేకపోయాడు. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత చెంగు నడుముకి దోపి, పులుసు గరిటె చేతిలోకి తీసుకుంది.

"ఆ మాట రేపొచ్చి చెప్పండి అన్నా. ఇప్పుడు పంక్తి నడుస్తాంది, కేకలు వెయ్యకూడదు" అంది.

అన్నదానం చూస్తే మొహం తిప్పుకునే కోదండరాం, నెత్తిన పట్టుగుడ్డతోనే అన్నం బుట్ట ఎత్తుకుని వదిన వెనక నడిచాడు. ఒంగి ఒంగి వడ్డించాడు. గంజి చాలలేదని రాగం తీసిన పిల్ల మూడోసారి కూడా అన్నం పెట్టించుకుంది. తన వదిన గొంతు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖంగుమంటుంటే, ఇంతకాలం తాను ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఈ గొంతు ముందు దిగదుడుపే అనిపించింది. ఆ మాట ఎవరితో అనడానికైనా అతనికి సంకోచం లేదు.

సమ్మె తరవాత వారానికి ముగిసింది. పెద్ద మూటకి ఇద్దరు అన్న షరతుకి సౌకార్లు ఒప్పుకున్నారు. వైద్యం మాట దాటవేశారు. ఆ అన్నం వల్లనే గెలిచామని కోదండరాం ఒప్పుకోడు. గెలిచింది ఐక్యత వల్ల, అంతే. ఆ అన్నం లేకపోతే ఆ వారం గడిచేది కాదని మాత్రం, గట్టిగా అడిగితే ఒప్పుకుంటాడు. కన్నియప్పన్ మళ్ళీ వీధిలో నిలబడి దేవుడు లేడని అరిచాడు. వాసవాంబ మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరింది. ఎవరి నమ్మకం వాళ్ళ దగ్గరే ఉంది.

యతిరాజులు సెట్టి కూడా మాట తప్పే మనిషి కాదు. ఆరోనాటి ఉభయాన్ని దేవరాజులు అనే కొత్త స్టీలు సామాన్ల వ్యాపారికి ఇచ్చేశాడు.

మరుసటి ఏడు ఆరోనాడు వాసవాంబ వీధి తలుపు మూసుకుని లోపల కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. కోదండరాం పనికి పోకుండా ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఇక పట్టుగుడ్డ బెడద తీరినందుకు సంతోషించాలి. సంతోషం రాలేదు సరిగదా, ఎవరో తన సొంత వస్తువు లాక్కుపోయినట్టు ఉడుకుమోతుతనం వచ్చింది. సాయంత్రమైంది. మేళం దగ్గరికొచ్చింది. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఏడవడం అతను అన్న పోయిన నాటి తరవాత మళ్ళీ అప్పుడే చూశాడు.

మేళం దాటిపోలేదు. వాకిట్లోనే ఆగిపోయింది. పీటల మీద కొయ్య దిగిన చప్పుడైంది. ఎవరో తలుపు దబదబ బాదారు.

"సెట్టెమ్మా, తలుపు తియ్యి!" మునెమ్మ గొంతు.

కోదండరాం తలుపు తీశాడు. ఏనుగు వాహనం గడపకి ఎదురుగా దిగి ఉంది. చుట్టూ ఎర్ర తుండ్లు. వెనకాల యతిరాజులు సెట్టీ, పట్టుగుడ్డ చుట్టుకున్న దేవరాజులూ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు.

"ఉభయం ఎవరిదో మాకు తెలీదు సామీ" అని వాళ్ళకి చెబుతున్నాడు కన్నియప్పన్. "అది మీ కమిటీ సంగతి. ఏనుగు ఈడ దిగాల. అది శ్రీపాదంవాళ్ళ హక్కు."

వాసవాంబ గడపలోకి వచ్చి స్వామిని చూసింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. వెంటనే కంగారు పడిపోయింది. "అయ్యో, ఇంట్లో ఏమీ వండలేదే! మీకు ఏం పెట్టేదిరా నాయనా?"

"నువ్వేం పెట్ట పన్లా" అంది మునెమ్మ. "మేం వండుకొచ్చినాం. ఈ ఏడు మొదటి ఆకు నీదే. కూర్చో."

చూలై ఆడవాళ్ళు అన్నం తపేలాలు దించారు. ఏనుగు పక్కనే వీధిలో ఒక చాప, చాప ముందు ఒక ఆకు. భర్త పోయిన నాటి నుంచీ వాసవాంబ పరుల చేతి వంట ముట్టలేదు. బంధువుల ఇళ్ళల్లో కూడా పచ్చి మంచినీళ్ళు పుచ్చుకోలేదు. ఆ సంగతి కోదండరాంకి తెలుసు, వీధిలో ఉన్న ప్రతి సెట్టికీ తెలుసు. అందరి కళ్ళూ ఆవిడ మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళు పెట్టడమే గాని పుచ్చుకోవడం ఎరగని మనిషి ఆ ఆకు వంక చూస్తూ నిలబడింది. మునెమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

వాసవాంబ గడప దిగింది. చాప మీద కూర్చుంది. ఆకు మీద నీళ్ళు చిలకరించుకుని "వడ్డించు మునెమ్మా" అంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసు బాగుండాది. ఉప్పే రవ్వ తక్కువ" అంది.

మునెమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఉప్పు కోసం వెతుక్కుంది. వాసవాంబ తొందరపడలేదు, నిదానంగా తింటోంది. కొత్త ఉభయకారు దేవరాజులు తలకి చుట్టిన పట్టుగుడ్డ సర్దుకుంటూ ముందుకొచ్చి, "ఇంకా ఎంతసేపయ్యా? స్వామి కదలాల" అన్నాడు.

కోదండరాం అతనికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"మా వదినె భోంచేస్తాంది" అన్నాడు. "స్వామే ఆగినాడు. మీరూ ఆగండి."